బావిలో వదిలేసిన పిల్ల

ఎమ్మిగనూరు నేతవీధిలో ఉచ్చీరమ్మ కోపం ఎరగని ఇల్లు లేదు. నూలుకు పట్టించే గంజి పల్చనైతే కోపం, వాకిట్లో ఎవరి కోడి గెలికినా కోపం, కూరలో ఉప్పు తక్కువైందని మొగుడు సుంకప్ప చెప్పినా కోపం, చెప్పకుండా తిన్నా కోపం. ఇవన్నీ పొద్దుగూకేసరికి చల్లారిపోయేవి. ఒక్క కోపం మాత్రం చల్లారలేదు. అది ఆమెతోపాటే పెరిగి పెద్దదై, ఆమెకు ఇద్దరు బిడ్డలు పుట్టాక కూడా అలాగే ఉంది. అది ఒక కథ మీది కోపం, ఆ కథ చెప్పిన శేషప్ప మీది కోపం.

కథ మీద కోపమేమిటని నవ్వేవాళ్లు నవ్వారు. వాళ్లకేం, హాయిగా నవ్వుతారు. నవ్వినవాళ్లలో ఒక్కరు కూడా ఆ కథ ముగింపు కోసం పదిహేనేళ్లు కూర్చోలేదు.

శేషప్ప అచ్చు అతికేవాడు. మగ్గం మీద గుడ్డ నేసి కోసి దించేటప్పుడు నేతగాడు పడుగు పోగుల్ని మొదలంటా తీసెయ్యడు. దువ్వెనలాంటి అచ్చు పళ్లలో వాటి కొసలు వేలాడుతుండగానే వదిలేస్తాడు. శేషప్ప వచ్చి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగును ఆ పాత కొసల్లో ఒక్కొక్కదానికి చేర్చి, బూడిద అద్ది, బొటనవేలి కింద మెలిపెట్టి అతుకుతాడు. వందల పోగులు. పొద్దున కూర్చుంటే వెలుగు తగ్గేదాకా అదే పని. ఎదురుగా ఒకరు కూర్చుని పోగులు విడదీసి అందిస్తూ ఉండాలి. నడుము పట్టేసే పని, కునుకు ముంచుకొచ్చే పని. అందుకని శేషప్ప కథ చెప్పేవాడు. మగ్గం ఎన్నడూ బోడిగా ఉండకూడదని నేతవీధిలో పట్టింపు. పాతది పూర్తిగా పోకముందే కొత్తది అతుక్కోవాలి. ఈ పట్టింపే శేషప్ప వేళ్లలోంచి నోట్లోకి ఎక్కిందని ఉచ్చీరమ్మకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆమె ఆ ఇంటికి కోడలిగా వచ్చినప్పుడు పదకొండేళ్లది. పుట్టిల్లు తుగ్గలి అవతల ఒక పల్లె. పంపించేటప్పుడు వాళ్లమ్మ కొంగుతో పిల్ల మొహం తుడిచి, "శ్రావణంలో ఉరుకుంద తిరనాలకు వస్తాం గదా, మా ఎంబడి వద్దువులే. కొన్నాళ్లుండి పోదువు" అని చెప్పింది. శ్రావణం వచ్చింది. ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయే బండ్లు పోయాయి, తిరిగి వచ్చాయి. ఏ బండీ వాళ్ల గడప ముందు ఆగలేదు. అత్త మద్దమ్మను అడిగితే, "వస్తార్లే పో" అని మొహం తిప్పుకుంది. అది జరిగిన కొద్ది రోజులకే శేషప్ప అతకడానికి వచ్చాడు. ఎదురుగా కూర్చుని పోగులు అందించే పని పిల్లకు పడింది. అందిస్తుంటే కళ్లనీళ్లు బూడిద చిప్పలో పడేవి. బూడిద ముద్దయితే మెలిక నిలవదు.

"ఏడవద్దు పాపా, బూడిద తడిసిపోతాంది," అన్నాడు శేషప్ప. "కత సెప్తా, ఇంటావా?"

అలా మొదలైంది. ఒక రాజు. ఒకనాడు పొద్దున లేచి చూసుకుంటే ఆయన నీడ పోయింది. ఎండలో నిలబడితే కిరీటం నీడ నేల మీద పడుతుంది, చేతికర్ర నీడ పడుతుంది, మధ్యలో రాజు నీడ లేదు. దాన్ని ఎత్తుకుపోయిన మాంత్రికుడు ఏడు కోటల అవతల ఉన్నాడు. చిన్న కొడుకు బయలుదేరాడు. మొదటి కోటకు దోవ తెలియక తికమకపడుతుంటే, గొర్రెలు మేపుకుంటున్న పిల్ల ఒకతె దోవ చూపించింది. "నీ ఈడు పిల్లే," అన్నాడు శేషప్ప. ఉచ్చీరమ్మ ఏడుపు ఆపింది.

తర్వాతి పడుగుకు వచ్చినప్పుడు, దోవ చూపించినందుకు మాంత్రికుడు ఆ పిల్లను పట్టుకుని ఎండిన బావిలోకి తోసి పైన బండ పెట్టాడు. రాజకుమారుడు ఆ బండ మీద చెయ్యి వేసి, "ఈ వెన్నెల తరిగేలోగా వచ్చి నిన్ను పైకి తీస్తా, మీ అమ్మ దగ్గర విడిచిపెడతా" అని ఒట్టు పెట్టుకున్నాడు.

"వస్తాడా మామా?"

"రాకుండా యాడికి పోతాడు? వచ్చే పడుక్కి సూడు."

నేతవీధిలో ఒక మర్యాద ఉంది. కథ ముగిసిన రోజు విన్నవాళ్లు చెప్పినవాడి చేతిలో బెల్లం ముక్క పెట్టాలి. పిల్ల ఆ సాయంత్రమే వంటింట్లోంచి ఒక ముక్క తీసి గూట్లో నూలు ఉండల వెనక దాచింది. వచ్చే పడుగుకు కావాలి కదా. చీమలు తినేశాయి. మళ్లీ దాచింది, మళ్లీ తిన్నాయి. ఒకసారి అత్త చూసి వీపు మీద రెండు తగిలించింది కూడా. ఆ బెల్లం శేషప్ప చేతికి ఏనాడూ చేరలేదు.

చేరదు మరి. శేషప్పకు మొదలుపెట్టడమంటే ప్రాణం. కొత్త కోట తలుపు తెరిచేటప్పుడు ఆయన గొంతు వినాలి, వేళ్లు కూడా ఎంత జోరుగా ఆడేవో! తెరిచాక లోపలున్న సంగతిని ఒక కొలిక్కి తేవాల్సి వచ్చేసరికి మాత్రం దగ్గు వచ్చేది, చుట్ట గుర్తొచ్చేది, అంతలో పక్కనే ఇంకో తలుపు కనిపించేది. పైగా ఆయన ఒక్క ఇంట్లో చెప్పేవాడా? వీధంతా అదే కథ. ఉచ్చీరమ్మ మామగారికి యుద్ధాలు కావాలి, కాబట్టి మూడో కోట ముందు యుద్ధం ఎన్ని పడుగులు అతికినా తెగలేదు. మూలింటి భీమక్కకు పెళ్లిళ్లు కావాలి, కాబట్టి రాజకుమారుడికి కోట దాటితే పెళ్లి. ఇంకెవరికో మాట్లాడే గుర్రం నచ్చింది. చచ్చిన గుర్రం బతికొచ్చింది, దానికో తమ్ముడు కూడా పుట్టుకొచ్చాడు. ఒక ఇంట్లో చెప్పింది ఇంకో ఇంట్లో మరిచిపోయేవాడు. రెండో కోటలో చచ్చిపోయిన ఒంటికన్ను మంత్రగత్తె ఐదో కోటలో వంట చేస్తూ కనిపించింది. అడిగితే, "అది దాని సెల్లెలు" అన్నాడు.

ఎవరికి కావలసిన ముక్క వాళ్లకు దొరుకుతుంటే, కథ ఉన్నచోటే ఉందని ఎవరికి పట్టింది? రాజు నీడ సంగతి రాజుకే గుర్తుందో లేదో. ముగిస్తే ఎవరో ఒకరికి కోపం రాక తప్పదు. ముగించకపోతే ఎవరికీ రాదు, ఒక్క ఉచ్చీరమ్మకు తప్ప. బావిలో పిల్ల ఏమైందని అడిగిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే.

ఆమె పెళ్లయిన రెండేళ్లకు తుగ్గలి వైపు నుంచి వచ్చిన గాజులామె మాటల మధ్య నోరు జారింది. ఆ పల్లెలో గత్తర సోకి సగం ఇళ్లు ఖాళీ అయ్యాయట. ఉచ్చీరమ్మ అమ్మా నాయనా పోయింది అప్పుడే, ఆ మొదటి శ్రావణం రాకముందే. ఇంట్లో అందరికీ తెలుసు. అత్తకు తెలుసు, మామకు తెలుసు, మీసాలు రాని మొగుడికి కూడా తెలుసు. చిన్నపిల్ల, బెంగపెట్టుకుంటుందని చెప్పలేదన్నారు. ఉచ్చీరమ్మ ఏడవలేదు. ఎవరి దగ్గర ఏడవాలి? తెలిసి తెలిసి "వస్తార్లే పో" అన్నవాళ్ల దగ్గరా? ఒళ్లంతా మండిపోయింది. గాజులామె వేసిన గాజులు అక్కడే గడపకేసి కొట్టింది.

తర్వాత శేషప్ప వచ్చి నాలుగో కోట తలుపు తెరవబోతే, పదమూడేళ్ల పిల్ల పోగు అందించకుండా పట్టుకుని కూర్చుంది.

"కోట వద్దు. బావిలో పిల్ల సంగతి సెప్పు."

శేషప్ప చెయ్యి ఆగిపోయింది. తల ఎత్తకుండా, "దాని పొద్దు రానీ పాపా" అన్నాడు.

ఆ పొద్దు రాలేదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. కరువు వచ్చింది. ఆ కరువులో నూలు లేక మగ్గాలు ఆగిపోతే నేతవీధి మొత్తం చెంబులు పట్టుకుని గంజి కేంద్రం ముందు నిలబడింది. ఆ వరుసలో కూడా శేషప్ప చుట్టూ నలుగురు చేరి ఆరో కోట వింటున్నారు. చంకన బిడ్డతో వెనక నిలబడ్డ ఉచ్చీరమ్మ గట్టిగా, "మాకంటే సర్కారోళ్లు పోస్తాండారు. బావిలో పిల్లకు గంజి ఎవురు పోస్తాండారు మామా?" అని అడిగింది. వరుస వరుసంతా నవ్వింది. ఆమె నవ్వడానికి అనలేదు. కొత్త రాష్ట్రం ఏర్పడి కర్నూలుకు రాజధాని కూడా వచ్చింది. బావిలోంచి పిల్ల మాత్రం రాలేదు.

చివరికి శేషప్పకు చూపు మందగించింది. పోగుకు పోగు కలవక అతుకులు జారిపోతున్నాయి. ఆదోనిలో కూతురు హులిగమ్మ తన దగ్గరికి వచ్చెయ్యమని కబురు పెట్టింది. వెళ్లేముందు ఆయన అతికిన ఆఖరి పడుగు ఉచ్చీరమ్మ ఇంటిదే. ఆ రోజు ఆమె పొద్దున్నే బెల్లం ముక్క కొంగున ముడేసుకుని ఎదురుగా కూర్చుంది. ఇవాళ తప్పించుకోలేడు కదా.

శేషప్ప గొంతు సవరించుకుని, "ఏడో కోట ఎనకాల ఒక సముద్రం. ఆ సముద్రంలో ఒక దీవి. ఆ దీవిలో ఒక పక్షి..." అని మొదలుపెట్టాడు.

కొత్త సముద్రం! కొత్త పక్షి! ఊరు విడిచిపోయే రోజున! ఉచ్చీరమ్మ పోగులు అందించింది, పక్షి గుడ్లు పెట్టింది, గుడ్లలోంచి ఏవేవో వచ్చాయి, పడుగు అయిపోయింది. శేషప్ప చేతులు దులుపుకుని, "పోయొస్తా పాపా" అని మొహం చూడకుండా గడప దాటాడు. ఆమె కొంగు ముడి విప్పి బెల్లం తీసి కోళ్లకు వేసింది.

వారమంతా ఇంట్లో గిన్నెలు మామూలుగా కింద పెట్టిన చప్పుడు వినిపించలేదు. వారం తిరిగేసరికి ఆమె ఉతికిన చీర కట్టుకుని బస్సుకు బయలుదేరింది.

"ఏమే, కత కోసరం ఆదోనికి పోతావా?" అన్నాడు సుంకప్ప మగ్గం గుంటలోంచి. "పోతే పోయినావు, ఆడ టెంటులో సినిమా సూసి రా. మూడు గంటల్లో రాజకుమారునికి పెండ్లి సేసి ఇంటికి పంపిస్తారు."

"నాలుగు పెండ్లిండ్లు సేసుకునేదానికి తీరిక దొరికింది ఆ నా బట్టకి, బావికాడికి వచ్చేదానికి దొరకలేదు. నువ్వూ నోరు మూసుకో."

ఆదోనిలో హులిగమ్మ ఇల్లు పత్తి మిల్లు వెనక సందులో. గోడల మీద, కప్పు మీద, శేషప్ప కనుబొమల మీద కూడా దూది పింజలు అంటుకుని ఉన్నాయి. అరుగు మీద కూర్చున్న మనిషికి వచ్చినది ఎవరో కనిపించలేదు. అడుగుల చప్పుడుకే గుర్తుపట్టాడు.

"ఉచ్చీరీ? పాపా, నువ్వా?"

"నేనే. పిల్లను బావిలోనుంచి తీ."

హులిగమ్మ ఎవరో బావిలో పడ్డారనుకుని లోపలినుంచి పరిగెత్తుకొచ్చింది. కథలో పిల్ల అని తెలిసి నోరు తెరిచి నిలబడింది.

"సిన్నపిల్లకి ఒట్టు పెట్టినావు, వచ్చే పడుక్కి అంటివి," అంది ఉచ్చీరమ్మ. "ఎన్ని పడుగులు పోయినాయి! నీ గుర్రానికి తమ్ముడు పుట్టె, మంత్రగత్తెకి సెల్లెలు పుట్టె. గొర్రెలు మేపుకునే పిల్లని సీకట్లో పెట్టి బండేసి, నువ్వు ఊరంతా తిరిగి పెండ్లి కతలు సెప్తివి. నీకు సిగ్గుందా మామా? మరిసిపోయినాననన్నా సెప్పు, పోతా."

శేషప్ప మోకాలి మీద బొటనవేలు దానంతట అదే మెలి తిప్పుతూ ఉంది, అక్కడ పోగు లేకపోయినా.

"మరిసిపోల్యా," అన్నాడు. "ఒక్కనాడు గూడ మరిసిపోల్యా. మొదటి దినం నేను మీ ఇంట్లోకి వచ్చేటప్పుడే మద్దమ్మ వాకిట్లో నిలబెట్టి సెప్పింది. పాప అమ్మా నాయనా పోయినారు, నోరు జారొద్దు అని. నువ్వు ఏడుస్తాంటివి. ఏమో ఒగటి మొదలుపెట్టినా. పిల్లని బావిలో యేసినాక తెలిసింది పాపా నేనేం సేసినానో. పైకి తీస్తే మా అమ్మ యాడ అంటాది. ఏమని సెప్పేది? ఉందని సెప్పలేను, లేదని సెప్పలేను. ఇంగ రాజకుమారున్ని ఇంగో కోటకి తోలినా."

"నాకు తెలిసినాకన్నా తీయొచ్చు గదా!"

"అప్పటికి శానా దూరం పోయినాడు. ఎనక్కి తిప్పుదామని సూస్తే దోవంతా నేనే మూసేసినా, పెండ్లాలు, గుర్రాలు, యుద్ధాలు. ఏండ్లు పోయేకొద్దీ సిగ్గైపోయె. నాకు అతికేది తెల్సు పాపా. కోసేది మీ ఇండ్లల్లో మీరు సేసే పని. నా బతుకులో ఒక్క గుడ్డ కోసి దించిందిల్యా."

ఉచ్చీరమ్మకు జాలి వేసి ఉండొచ్చని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆమెకు ఇంకా మండింది. ఈయన కూడానా! అందరూ జాలిపడ్డవాళ్లే. అందరూ కలిసి జాలిపడి ఒక పిల్లను ఎండిన బావిలో కూర్చోబెట్టి, పైన బండ వేసి, చుట్టూ నిలబడి ఊరుకున్నారు. ఆమె అరుగు మీద, ఆయనకు ఎదురుగా, పోగులు అందించేటప్పుడు కూర్చున్నట్టే బాసిపట్లు వేసుకుని కూర్చుంది.

"అయితే ఇను. నేను సెప్తా," అంది.

"ఆ పిల్ల వెన్నెల తరిగేదాకా సూసింది. వాడు రాలే. మళ్లా సూసింది. రాలే. కాసుకోని కాసుకోని యాష్టపోయి, బావి గోడలో రాళ్లు పట్టుకోని ఎక్కింది. జారి పడింది. మళ్లా ఎక్కింది. గోర్లు ఊడిపోయినాయి. బండని నెత్తితో తోసింది. అది కదల్లే. తిట్టింది. రాజకుమారున్ని తిట్టింది, మాంత్రికున్ని తిట్టింది, కత సెప్పేటోన్ని తిట్టింది. తిట్టి తిట్టి మళ్లా తోసింది. అది పక్కకి పడింది. బయటికి వచ్చింది. ఊరికి పోయింది."

అక్కడ ఆగింది. హులిగమ్మ అప్పటికి గడప మీద కూలబడి వింటోంది.

"ఇంట్లో..." అంది ఉచ్చీరమ్మ. ఆ మాట ఆమె ఇంతవరకు నోటితో అనలేదు. పదమూడేళ్లప్పుడు అనలేదు, మొగుడి దగ్గర అనలేదు, మొదటి కాన్పు నొప్పుల్లో అమ్మా అని అరిచినప్పుడు కూడా అనలేదు. "ఇంట్లో ఎవురూ లేరు. వాళ్లమ్మ లేదు. వాళ్ల నాయన లేడు."

అని ఏడ్చింది. పదకొండేళ్ల పిల్ల బూడిద చిప్ప ముందు ఏడ్చినట్టు వెక్కివెక్కి ఏడ్చింది. ఈసారి ఏడవద్దని శేషప్ప అనలేదు. కొంగుతో మొహం తుడుచుకుని ఆమె మళ్లీ అందుకుంది. గొంతులో కోపం మళ్లీ వచ్చి చేరింది.

"గడప మీద కూకోని ఏడ్సింది. ఏడ్సినాక ఆకలైంది. లేసి పొయ్యి రాజేసింది."

"రాజకుమారుడు?" అన్నాడు శేషప్ప మెల్లగా.

"ఎప్పుడో ఆ దోవన వచ్చినాడు ముసిలోడై. గొర్రెలకి అడ్డం నిలబడితే పక్కకి జరగమనింది."

"రాజు నీడ?"

"దొరకలే. ఇన్నేండ్లు అది లేకుండానే అన్నం తినలేదా ఆయప్ప? తింటాడులే."

శేషప్ప ముందుకు వంగాడు. మసక కమ్మిన కళ్లు ఆమె మొహం ఎక్కడుందో వెతికాయి. ఎన్నో ఇళ్లలో ఎందరో తనను అడిగిన మాట ఆయన మొదటిసారి ఇంకొకరిని అడిగాడు.

"తర్వాత?"

"తర్వాత ఏమీ లేదు మామా. అయిపోయింది."

ఆయన తల ఊపాడు. కూతుర్ని పిలిచి ఏదో చెప్పాడు. ఆమె లోపలికి పోయి తెచ్చిన బెల్లం ముక్కను చేతిలోకి తీసుకుని, తడుముకుంటూ ఉచ్చీరమ్మ అరచెయ్యి వెతికి పట్టుకుని అందులో పెట్టాడు. ఆమె తీసుకుంది. ఆయన చేతిలోంచి తన చెయ్యి విడిపించుకోవడానికి ఆమె తొందరపడలేదు కానీ, క్షమించాననీ చెప్పలేదు. చెప్పాలని అనిపించలేదు.

తిరుగు బస్సులో ఆ బెల్లం మొత్తం ఆమె ఒక్కతే తింది. పక్కనున్నవాళ్లకు పెట్టలేదు, బిడ్డలకని దాచలేదు. ఎమ్మిగనూరులో దిగేసరికి నోరు తీపిగానే ఉంది, కోపం కూడా ఉన్నచోటే ఉంది.

సుంకప్ప మగ్గం గుంటలోంచి తల ఎత్తి చూశాడు. ఆమె కళ్లు ఎర్రగా ఉబ్బి ఉండటం చూసి నవ్వు ఆపుకున్నాడు.

"అయిపోయిందా కత?"

"అయిపోయింది."

"ఇంతకీ పిల్లని ఎవురు తీసినారు?"

"ఎవురూ తీయలే. అదే ఎక్కొచ్చింది," అని చెప్పి, చీర కుచ్చిళ్లు దోపుకుని వంటింట్లోకి పోయి పొయ్యి రాజేసింది.